షెడ్డు కబుర్లు: హౌసింగ్‌లో ఏ ఆయిల్ పోయాలి?

పోయిన నెల క్లచ్ గురించి రాస్తూ చివర్లో ఒక్క ముక్క అన్నాను. ఘాట్ ఎక్కే బండికి ఇంజిన్ ఆయిల్ మీద పెట్టే శ్రద్ధలో సగమైనా హౌసింగ్ ఆయిల్ మీద పెట్టండి అని. అంతే, ఈ నెల ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ సగానికి పైగా దాని మీదే. ఒకాయనైతే ఏకంగా తన జీపు ఆయిల్‌ని సెలైన్ సీసాలో పోసి, మూతికి ప్లాస్టర్ చుట్టి, ఆర్టీసీ పార్సిల్‌లో నర్సీపట్నంలోని మా షెడ్డుకి పంపించారు. విప్పి చూస్తే పాలు ఎక్కువైన టీలా ఉంది. ఆయన ప్రశ్న కింద వస్తుంది.

పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను. కొత్తవాళ్ల కోసం ఒక మాట. బండి కింద రెండు చక్రాల మధ్య గుమ్మడికాయలా ఉబ్బి కనిపించే ఇనుప బుర్రనే మేం హౌసింగ్ అంటాం. మలుపులో బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరగనిచ్చే డిఫరెన్షియల్ దాంట్లోనే ఉంటుంది. షాఫ్ట్ చివరనుండే చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్, అవీ అందులోనే. ఫోర్ వీల్ జీపుకి ముందొకటి, వెనకొకటి. సర్వీసుకొచ్చిన బండ్లలో చాలామంది ముందుదాన్ని మర్చిపోతారు.

ప్రశ్న: బొర్రా గుహల దగ్గర నుంచి కటిక జలపాతానికి టూరిస్టుల్ని జీపులో తిప్పుతుంటాను. పాత మహీంద్రా బండి. మా అన్నయ్య 90 నంబరు పొయ్యమంటాడు. ఆయిల్ షాపాయన 140 అయితే చిక్కగా ఉంటుంది, క్రౌన్ ఎక్కువకాలం వస్తుంది అంటాడు. ఎవరి మాట వినాలి? – జీపు డ్రైవరు, బొర్రా

తమ్ముడూ, ఇద్దరూ తప్పు చెప్పలేదు. కానీ అసలు అడగాల్సింది ఇద్దరూ అడగలేదు. డబ్బా మీద జీఎల్-5 అని ఉందా లేదా? ముందు చూడాల్సింది అది. 90, 140 అనేవి చిక్కదనం అంకెలు. జీఎల్ పక్కనుండేది, పళ్ల మధ్య నలిగేటప్పుడు ఆయిల్ ఎంతకి తట్టుకుంటుందో చెప్పే అంకె. మన షాపుల్లో జనం మొదటిదే అడుగుతారు. రెండోది డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉండిపోతుంది.

ఇదెందుకు ముఖ్యమో చెబుతాను. మీ హౌసింగ్‌లో పినియన్ క్రౌన్‌కి సరిగ్గా మధ్యలో ఉండదు, మధ్యగీత నుంచి పక్కకి జరిగి ఉంటుంది. దాన్ని హైపాయిడ్ అంటారు. 1920ల్లో అమెరికాలో కార్లకి వచ్చింది. షాఫ్ట్ కిందికి దిగుతుంది, బండి ఎత్తు తగ్గుతుంది, పళ్లకి బలం. అన్నీ లాభాలే, ఒక్కటి తప్ప. మామూలు గేరు పళ్లు ఒకదాని మీద ఒకటి చాలావరకు చపాతీ కర్రలా దొర్లుతాయి. హైపాయిడ్ పళ్లు దొర్లుతూనే పక్కకి రుద్దుకుంటాయి, సన్నికల్లు మీద పొత్రంలాగా. ఆ నూరుడుకి ఉత్త ఆయిల్ పొర నిలవదు, చీలిపోతుంది. అందుకని జీఎల్-5లో గంధకం, భాస్వరం ఉన్న మందులు కలుపుతారు. పళ్లు బాగా ఒత్తుకుని వేడెక్కిన చోట ఆ మందు ఇనుముతో కలిసి, కంటికి కనపడనంత పల్చటి పొర కడుతుంది. అరిగితే ఆ పొర అరుగుతుంది, పన్ను మిగులుతుంది. గేర్ ఆయిల్ డబ్బా మూత తియ్యగానే కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది చూశారా, అది ఈ గంధకానిదే. మా ఆవిడకి నా చొక్కాల మీద ఉన్న కోపమంతా దాని మీదే.

ఇక చిక్కదనం. 90 అంటే ఇంజిన్ ఆయిల్ 40కి రెండింతలకి పైగా చిక్కన అనుకుంటారు. కాదు. రెండు కొలబద్దలూ వేరు. 100 డిగ్రీల వేడిలో కొలిస్తే 90 నంబరు గేర్ ఆయిల్ 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే లెక్క) మధ్య ఉంటుంది. 40 నంబరు ఇంజిన్ ఆయిల్ 12.5 నుంచి 16.3 మధ్య. అంటే ఇంచుమించు ఒకటే. 140 మాత్రం నిజంగా చిక్కన, 24 నుంచి 32.5 దాకా. ఈ మాట చెబితే ఒకాయన "అయితే ఇంజిన్ ఆయిల్ మిగిలింది, అదే పోసేస్తా" అన్నాడు. వద్దు బాబూ! చిక్కదనం ఒకటే, మందు ఒకటి కాదు. పాత ఇంజిన్ ఆయిల్ పోసిన హౌసింగులు నేను బోలెడు విప్పాను. క్రౌన్ పళ్లు అంచుల దగ్గర నీలంగా మాడి ఉంటాయి.

మీ దారి విషయానికొద్దాం. కటిక దారిలో బండి లో గేర్లో, నిండా జనంతో, రాయి ఎక్కి రాయి దిగుతూ పోతుంది. చక్రం మెల్లగా తిరిగినప్పుడు ఆయిల్ పొర దానంతటది మందంగా నిలబడలేదు. ఒత్తిడి మాత్రం దండిగా ఉంటుంది. అక్కడ చిక్కటి ఆయిల్ పనికొస్తుంది. అదే బండి వారానికి రెండుసార్లు విశాఖ కిరాయికి హైవే మీద పోతే, 140 లోపల చిలికి చిలికి ఊరికే వేడెక్కుతుంది, డీజిల్ కూడా కాస్త ఎక్కువ తాగుతుంది. చలికాలం పొద్దున్నే చిక్కటి ఆయిల్ పినియన్ ముందు బేరింగు దాకా చేరడానికి టైం కూడా పడుతుంది.

కాబట్టి మాన్యువల్ ఉంటే అందులో ఉన్నదే. లేదంటే నా పద్ధతి ఇది: క్రౌన్ పినియన్ గట్టిగా ఉండి బండి రోడ్డు కూడా ఎక్కేదైతే 80డబ్ల్యూ-90 జీఎల్-5 (డబ్ల్యూ సంగతి కింద లేహ్ ప్రశ్నలో చెప్పాను). బాగా పాతబడి, ఆ గుట్ట దారికే అంకితమైన బండైతే 85డబ్ల్యూ-140 జీఎల్-5. ఒక్కటి మాత్రం చెయ్యకండి. గుయ్‌మని శబ్దం వస్తోందని 140 పోసి నోరు మూయించొద్దు. శబ్దం తగ్గుతుంది, రోగం తగ్గదు.

ప్రశ్న: కొత్త థార్ కొన్నాను. ఫ్రెండ్ ఒకరు జీఎల్-5 అన్నింటికన్నా బెస్ట్ కాబట్టి గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, రెండు డిఫరెన్షియల్స్ అన్నింట్లో అదే పోయమంటున్నాడు. అలా చేస్తే ప్రాబ్లమా? – హైదరాబాద్

అంకె పెద్దదైతే మంచిదనేది మార్కుల్లో చెల్లుతుంది, ఆయిల్లో చెల్లదు. జీఎల్-5 అనేది గేర్‌బాక్సుల్లో ఎక్కువగా వాడే జీఎల్-4కి అన్నయ్య కాదు, వేరే పనికి పుట్టింది. గేర్‌బాక్సులో, గేరు మార్చేటప్పుడు రెండు గేర్ల వేగాన్ని కలిపే సింక్రో రింగులు చాలా బండ్లలో ఇత్తడివి. ఇందాక చెప్పిన గంధకం మందు జీఎల్-5లో దాదాపు రెట్టింపు ఉంటుంది. వేడి మీద రాగి, ఇత్తడి మీద అది పనిచేసే ప్రమాదం ఉంది. ఇప్పటి మందులు పాతవాటంత ఘాటు కావు, నిజమే. కానీ ఇంకో సంగతి ఉంది. సింక్రో రింగు పని పట్టుకుని ఆపడం. మరీ జారుడు ఆయిల్ పోస్తే పట్టు చాలక గేరు "కర్ర్"మంటుంది. కొన్ని కంపెనీలు రెంటికీ పనికొచ్చే ఆయిల్ అని డబ్బా మీద రాసి అమ్ముతాయి. మీ మాన్యువల్ ఒప్పుకుంటే అది వేరే సంగతి. ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకి ఒక్కో బండికి ఒక్కోటి అడుగుతారు, అక్కడ ఊహ పనికిరాదు.

మీ బండిలో వెనక మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఉన్న మోడల్ అయితే ఇంకాస్త జాగ్రత్త. రెండు వెనక చక్రాల మధ్య నిమిషానికి సుమారు 100 చుట్ల తేడా రాగానే అది లోపల ప్లేట్లని బిగించి రెంటినీ ఒకటి చేస్తుంది. ఆ ప్లేట్లు పట్టుకోవాలి, వదలాలి. అవి పట్టేటప్పుడు అదరకుండా కొన్ని ఆయిళ్లలో ఫ్రిక్షన్ మోడిఫయర్ అనే ఇంకో మందు కలుపుతారు. అడిగిన చోట అది లేకపోతే మలుపుల్లో వెనక నుంచి 'గడగడ' వణుకు వస్తుంది. అడగని చోట ఎవరో చెప్పారని అదనంగా పోస్తే ప్లేట్లు జారిపోతాయి, లాకర్ ఉండీ లేనట్టే. వారంటీలో ఉన్న బండి, ప్రయోగాలు మానేసి మాన్యువల్లో ఆయిల్ పేజీని ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి. షాపులో అదే చూపించండి.

ప్రశ్న: మారేడుమిల్లి దగ్గర వాగులు దాటి వచ్చాం. రెండు వారాల తర్వాత ఆయిల్ మార్పిస్తే ఈ రంగులో వచ్చింది. శాంపిల్ పంపాను. ఆయిల్ నకిలీదా? – రంపచోడవరం

సెలైన్ సీసా మీదేనన్నమాట! ఆయిల్ పాపం మంచిదే. అది నీళ్లు తాగింది.

గేరు ఆయిల్లో నీళ్లు కలిసి, గేర్లు చిలికితే ఇలా తెల్లగా మజ్జిగలా తయారవుతుంది. నీళ్లు ఎలా వెళ్లాయంటారా? బండి ఘాట్ దిగి వచ్చేసరికి హౌసింగ్ చెయ్యి పెట్టలేనంత వేడి. లోపలి గాలి కూడా వేడి. అలాగే తీసుకెళ్లి చల్లటి వాగులో దింపితే లోపలి గాలి ఒక్కసారి ముడుచుకుంటుంది. ముడుచుకున్నంత గాలిని బయట నుంచి పీల్చుకోవాలి. పీల్చుకోవడానికి హౌసింగ్ మీద ఒక చిన్న ముక్కు ఉంటుంది, బ్రీదర్ అంటారు. అది నీళ్లలో మునిగితే దాంట్లోంచే, మట్టితో మూసుకుపోతే ఆయిల్ కారకుండా ఆపే సీళ్ల అంచుల నుంచి, నీళ్లే లోపలికి పోతాయి.

ఈ పాఠం నేను సొంత డబ్బుతో నేర్చుకున్నాను. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక జీపుకి పూర్తి సర్వీసు చేసి, బండి కళకళలాడాలని చాసిస్, హౌసింగ్ అన్నింటికీ నల్ల పెయింటు కొట్టాను. ఓనరు చూసి మెచ్చుకుని పది రూపాయలు ఎక్కువ కూడా ఇచ్చాడు. ఇరవై రోజులకి చింతపల్లి అవతల నుంచి కబురు, బండి కదలడం లేదని. వెళ్లి చూస్తే వెనక పినియన్ బేరింగు పట్టేసింది. ఆయిల్ దించే కింది నట్టు వదులు చేశాను. ముందు పావు లీటరు నీళ్లు, తర్వాత తుప్పు రంగు మజ్జిగ. నీళ్లు ఎలా వచ్చాయో అంతుపట్టలేదు. హౌసింగ్ మీద చెయ్యి పెట్టి తడుముతుంటే చిటికెన వేలి గోరంత బొడిపె తగిలింది. బ్రీదర్. దాని బుల్లి టోపీ నా నల్ల పెయింటుతో అతుక్కుపోయి ఉంది. గోరుతో గీకితే పొర పొరగా లేచింది. క్రౌన్ పినియన్ జత, బేరింగులు, సీళ్లు, బండిని లారీ మీద దింపిన కిరాయి, అన్నీ నేనే పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి మా షెడ్డులో పెయింటు డబ్బా తీస్తే ముందు బ్రీదర్‌కి గుడ్డ కట్టాల్సిందే. కుర్రాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి.

మీరిప్పుడు చెయ్యాల్సింది: ఆ ఆయిల్ మార్చేశారు కదా, అది చాలదు. హౌసింగ్ మూలల్లో, బేరింగుల్లో పాత మజ్జిగ ఇంకా ఉంటుంది. ఇప్పుడు పోసిన కొత్త ఆయిల్‌తో ఒక యాభై కిలోమీటర్లు తిప్పి, వేడి మీద మళ్లీ దించండి. ఇంకా మసకగా ఉంటే మూడోసారి. ఖర్చే, కానీ క్రౌన్ పినియన్ జత ఖరీదుతో పోల్చండి. కొంతమంది డీజిల్ పోసి కడిగేస్తామంటారు. నేను ఒప్పుకోను. పినియన్ బేరింగు గూట్లో నిలిచిపోయిన డీజిల్ కొత్త ఆయిల్ని పల్చన చేస్తుంది. ముందువైపు హౌసింగ్ కూడా విప్పి చూడండి, వాగులోకి మొదట దిగింది అదే కదా.

ఇకపై వాగు దగ్గరికి వచ్చాక ఒక టీ తాగే టైం బండి ఆపండి. హౌసింగ్ కాస్త చల్లారాక దింపండి. బ్రీదర్ ముక్కుకి రబ్బరు పైపు తొడిగి, ఇంజిన్ గదిలో ఎత్తుగా కట్టించుకోండి. పెద్ద ఖర్చు కాదు. చక్రాల మధ్యనుండే హబ్బుల పైదాకా నీళ్లలో దిగిన రోజు మర్నాడు పొద్దున్నే, బండి తియ్యకముందే, కింది నట్టు ఒకటి రెండు చుట్లు వదులు చేసి చూడండి. నీళ్లు బరువు, రాత్రికి రాత్రి అడుక్కి దిగుతాయి. మొదటి చుక్కలు నీళ్లా ఆయిలా తెలిసిపోతుంది. ఒకసారి చిలికేశాక అలా విడిపోవు.

ప్రశ్న: రొయ్యల చెరువుల మీద తిరగడానికి పాత జిప్సీ ఉంది. ట్రాక్టర్‌కి కొన్న ఇరవై లీటర్ల బకెట్లో సగం ఆయిల్ మిగిలింది. అది కూడా గేర్ ఆయిలే కదా, జిప్సీ హౌసింగుల్లో పొయ్యొచ్చా? – భీమవరం దగ్గర రైతు

మీ ట్రాక్టర్‌కి ఆయిల్ బ్రేకులేనా? బకెట్టు మీద యూటీటీవో (ట్రాక్టర్లో అన్నింటికీ ఒకటే ఆయిల్ అని) రాసి ఉందా? అయితే పొయ్యకండి. ఆ ఆయిల్ ఒక్కటే ట్రాక్టర్లో గేర్లు, హైడ్రాలిక్ లిఫ్టు, ఆయిల్లో మునిగిన బ్రేకు ప్లేట్లు, మూడింటినీ చూసుకోవాలి. అందుకని దాన్ని కాస్త పల్చగా, మందు తక్కువగా చేస్తారు. జిప్సీ క్రౌన్‌కి అది చాలదు. తిరగేసి కూడా చెయ్యకండి. జీప్ ఆయిల్ ట్రాక్టర్లో పోస్తే బ్రేకు ప్లేట్లు కీచుమంటాయి, పట్టవు. ట్రాలీ నిండా మేత బస్తాలతో గట్టు దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా!

మీకు నా భయం ఆయిల్ గురించి కన్నా ఉప్పు నీటి గురించి. చెరువు గట్టు మీద బురదలో ఆ ఉప్పు ఉంటుంది. బయట హౌసింగ్ పొట్టనీ, కింది నట్టునీ తినేస్తుంది. రెండేళ్లు విప్పకపోతే ఆ నట్టు పానాకి లొంగదు. వారానికోసారి మంచినీళ్లతో కింద కడిగించండి. కడిగేటప్పుడు గొట్టం బ్రీదర్ వైపు కొట్టొద్దు.

ప్రశ్న: డిసెంబర్లో బండి మీద లేహ్ వెళ్తున్నాం. 80డబ్ల్యూ-90 సరిపోతుందా? – విశాఖపట్నం

డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 85డబ్ల్యూ మైనస్ 12 దాకా, 80డబ్ల్యూ మైనస్ 26 దాకా, 75డబ్ల్యూ మైనస్ 40 దాకా బెల్లం పాకంలా గట్టిపడకుండా కదులుతాయి. మన లంబసింగి చలికి ఏదైనా ఒకటే. లేహ్ రాత్రులకి 80డబ్ల్యూ గట్టెక్కిస్తుంది గానీ, ఇంకా ఎత్తుకి పోయి రాత్రి ఆరుబయట బండి పెడతారు కాబట్టి 75డబ్ల్యూ-90 సింథటిక్ జీఎల్-5 పోయించుకుని వెళ్లండి. తిరిగొచ్చాక తీసేయక్కర్లేదు, ఇక్కడ కూడా బాగానే పనిచేస్తుంది. పొద్దున్నే మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా పోండి. 85డబ్ల్యూ-140 ఉంటే మాత్రం మార్పించకుండా బయల్దేరకండి.

ప్రశ్న: అన్నగారూ, నేను దుబాయ్‌లో ఉంటున్నాను, ఊరు జగిత్యాల. వారాంతాల్లో ఎడారి ఇసుకలో డ్రైవింగ్‌కి పోతాం. ఇక్కడివాళ్లు హైవే బండి కన్నా సగం కిలోమీటర్లకే డిఫ్ ఆయిల్ మార్చేస్తారు. నిజంగా అవసరమా, ఖర్చు పెట్టించడానికా? – దుబాయ్

అవసరమే తమ్ముడూ. నేను ఆ ఇసుకలో నడపలేదు. కానీ మెత్తటి ఇసుక అంటే బండి నిత్యం ఎత్తు ఎక్కుతున్నట్టే. టైర్లలో గాలి దించి, ఇంజిన్ రేజ్ చేసి గంటలకొద్దీ పోతారు. హౌసింగ్ మీద గాలి పెద్దగా తగలదు, ఎండ చూస్తే నలభై దాటి ఉంటుంది. ఆ వేడికి ఆయిల్ పల్చబడి, మందు త్వరగా ఖర్చవుతుంది. దించినప్పుడు వాసన చూడండి. మామూలు గంధకం వాసన కాకుండా మాడిన వాసన వస్తే మీవాళ్లు చెప్పింది నిజమే. చాలా మాన్యువల్స్‌లో ఉష్ణోగ్రతని బట్టి ఏ గ్రేడో పట్టిక ఉంటుంది. వేడి ఎక్కువైన చోటికి 140 ఒప్పుకుంటే సింథటిక్‌లో 75డబ్ల్యూ-140 మీలాంటివాళ్లకి పుట్టిందే. ఒప్పుకోకపోతే 90లోనే ఉండి త్వరత్వరగా మార్చుకోండి. ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్న బండైతే ఇందాక హైదరాబాద్ ఆయనకి చెప్పింది చదవండి.

ప్రశ్న: హౌసింగ్ ఆయిల్ ఇంట్లో నేనే మార్చుకోవాలని ఉంది. చెయ్యగలనా? – కొత్తగూడెం

చెయ్యగలరు. ఒక్క సూత్రం చాలు: ముందు ఆయిల్ పోసే పై నట్టు విప్పండి, తర్వాతే దించే కింది నట్టు. నేను కుర్రాడిగా పనిలో చేరిన కొత్తలో ఉత్సాహంగా కిందిది విప్పి ఆయిలంతా దించేశాను. పై నట్టు విప్పబోతే తలకాయ గుండ్రంగా అరిగిపోయి ఉంది, పానా జారిపోతోంది. బండిలో ఆయిల్ లేదు, పొయ్యడానికి దారి లేదు, ఓనరు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మా మేస్త్రి ఏమీ అనలేదు, ఉలి, సుత్తి నా చేతిలో పెట్టి భోజనానికి వెళ్లిపోయాడు. ఆ నట్టు రావడానికి సాయంత్రమైంది.

బండి కాస్త తిప్పి వేడి మీద దించండి, మురికి కూడా కలిసి వస్తుంది. సమమైన నేల మీద పెట్టండి. కింది నట్టుకి అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు ముద్ద కనిపిస్తుంది, కాటుకలా మెత్తగా. అది మామూలే. వేళ్ల మధ్య నలిపితే గుచ్చుకునే రజను గానీ, గోరంత ముక్క గానీ ఉంటే మేస్త్రి దగ్గరికి పొండి. పై కన్నంలో నుంచి కొత్త ఆయిల్ పోస్తూ, కన్నం కింది అంచు నుంచి కారడం మొదలవగానే ఆపండి. ఇంకాస్త పోద్దామని బండిని ఒక పక్క జాకీ ఎత్తి పోసేవాళ్లు ఉన్నారు. ఎక్కువైన ఆయిల్ నురగ కడుతుంది, సీళ్లు దాటి బ్రేకు డ్రమ్ములోకి దిగుతుంది. దించిన ఆయిల్ డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇవ్వండి. కాలవలో, పెరట్లో పారబొయ్యకండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ జీపు బేరంలో ఉంది. వెనక హౌసింగ్ నుంచి సన్నగా శబ్దం వస్తోంది. ఓనరు "గేర్ ఆయిల్ మారిస్తే పోతుంది" అంటున్నాడు. నమ్మొచ్చా? – అనంతపురం

ఆయిల్ తక్కువై శబ్దం వచ్చే బండ్లూ ఉంటాయి. కానీ అలా వచ్చిందంటే అప్పటికే పళ్లు అరిగి ఉంటాయి, నిండా పోసినా పూర్తిగా పోదు. ఖాళీ రోడ్డు మీద నడిపి వినండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే గుయ్‌మని, వదలగానే మారితే క్రౌన్ పినియన్ పళ్ల మీద అనుమానం. తొక్కినా వదిలినా ఒకేలా గరగరమంటూ, స్పీడుతో పెరిగితే బేరింగుల మీద అనుమానం. ఒకవైపు తిప్పినప్పుడు ఎక్కువైతే చక్రం బేరింగు కావచ్చు, అది చిన్న ఖర్చు.

ఇంకోటి, మీరు చూసిన రోజు శబ్దం లేకపోతే సంతోషపడిపోకండి. పూర్వం బండి అమ్మేముందు హౌసింగ్‌లో రంపపు పొట్టు కలిపేవాళ్లని, అరటిపళ్లు కుక్కేవాళ్లని మా మేస్త్రులు కథలు కథలుగా చెప్పేవారు. అరటిపండు నేనెప్పుడూ చూడలేదు. పొట్టు మాత్రం ఒకసారి చూశాను, ఆయిల్లో తడిసి రాగి ముద్దలా ఉంది. అందుకని పై నట్టు విప్పించి చిటికెన వేలు లోపల పెట్టండి. ఆయిల్ వేలికి అందాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దండి. తీగలా బాగా చిక్కగా సాగితే, 140 కన్నా చిక్కనిదేదో కలిపి శబ్దం దాచారేమో అడగండి. క్రౌన్, పినియన్ జతగానే అమ్ముతారు, ఒకటే మార్చి ఊరుకోవడానికి లేదు. బేరింగులు, సీళ్లు, లెక్క చూసి బిగించే మేస్త్రి కూలి కలిపి మీ ఊళ్లో ఎంతవుతుందో ముందే కనుక్కుని, ఆ మొత్తం బేరంలో తగ్గించి అడగండి. పై నట్టు విప్పడానికి ఓనరు ఒప్పుకోకపోతే, ఇచ్చిన టీ తాగేసి వచ్చేయండి.